ఖర్జూరాల గది

మొన్న రాయచోటి బస్టాండు దగ్గర తోపుడు బండి మీద పచ్చి ఖర్జూరాలు కనబడితే మా కోడలు అరకిలో తెచ్చింది. ఈనెలతో సహా కోసిన గుత్తులు, పసుపు కొమ్ము రంగు, ఒక్కో కాయా బొటనవేలంత. ఒకప్పుడు విమానం ఎక్కితే తప్ప కనబడని కాయలు, ఇప్పుడు జామకాయల పక్కన కూచుని బేరానికి వస్తున్నాయి. నేను ఒకటి తెంపి, గోటితో నిలువునా చీల్చి, లోపల చూసి, గింజ తీసి, గింజ ఉన్న చోటు కూడా చూసి, అప్పుడు నోట్లో వేసుకున్నాను. కోడలు నవ్వింది. "ఏంది అత్తా, పోలీసోళ్ళు సంచి ఎతికినట్ల ఎతుకుతాండావు? పచ్చికాయలో పురుగు యాడుంటాది?" నాకు పురుగు గొడవ లేదు. ఖర్జూరాన్ని చూసుకోకుండా నోట్లో వేసుకునే అలవాటు ఇరాకు వాళ్ళు కువైట్ మీద పడిన ఏడు పోయింది, మళ్ళీ రాలేదు. ఆ మాటే అంటే, "అయితే చెప్పు, రాస్తా" అని కాగితాలు తెచ్చుకొని కూచుంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. కాబట్టి అక్షరాలు ఆమెవి, నోరు నాది. నా నోరు మెత్తనిది కాదని ఈ వీధిలో అందరికీ తెలుసు. ఆమె కొంత సాపు చేసింది, ఇంకొంత చేయలేక వదిలేసింది.

నా మొగుడు చనిపోయాక పిల్లవాడిని మా అమ్మ దగ్గర వదిలి కువైట్ పోయాను. మేము ముసల్మానులమే గానీ ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట ఎరగం. నాకు ఉర్దూనే సరిగా రాదు, ఇంక అరబ్బీ ఏం వస్తుంది? రుమైథియాలో ఒక పెద్ద ఇంట్లో పని. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటాం. ఆమె అత్తగారిని పెద్ద మామా అనేదాన్ని. అసలు పెత్తనమంతా పెద్ద మామాదే. నడుం వంగిన మనిషి, చూపు మాత్రం నిటారు. ఫ్రిజ్ తలుపు చప్పుడును బట్టి ఎవరు తెరిచారో చెప్పేది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన మామా భర్త, ఆయన్ని బాబా అనేవాళ్ళం. మా వీసాల పూచీ ఆయనది, కఫీల్ అంటారు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉండేది. చిన్నాయన పోలీసు ఉద్యోగి, ఇంకా పెళ్ళి కాలేదు, చిన్న బాబా అనేవాళ్ళం. వంటింట్లో ఒక వంటాయన, కోనసీమ మనిషి, నాకంటే ముందు నుంచీ ఆ ఇంట్లో ఉన్నాడు. చెవి మీద బీడీ లేకుండా నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. దాన్ని వెలిగించగా కూడా చూడలేదు. నన్ను సెల్లెమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఇద్దరిదీ తెలుగే గానీ ఆయన తెలుగు నాకు సగం పాటలా వినబడేది, నా తెలుగు ఆయనకు తిట్టులా వినబడేదట.

నేను చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతి ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఒక మధ్యాహ్నం పెద్ద మామా లోపలినుంచి పెరుగు ఉందా అని కేకేసింది. వంటాయన ఫ్రిజ్‌లోకి ఒక చూపు పారేసి "మాకు!" అని బదులు కేకేశాడు. నేను చూద్దును గదా, పాల డబ్బాల వెనక పెరుగు గిన్నె నిండుగా ఉంది. ఓహో, ఇది పనివాళ్ళకు, మాకు అంటున్నాడు అనుకున్నాను. గిన్నె ఎత్తుకొని మా గదికి పోయి, అన్నంలో కలుపుకొని, ఉప్పు వేసుకొని హాయిగా తిన్నాను. సాయంత్రం ఆ గిన్నె కోసం ఇల్లంతా వెతికారు. వంటాయన తల పట్టుకున్నాడు. "అమ్మ బాబోయ్! మాకు అంటే మనకని కాదు సెల్లెమ్మా, లేదని! ఈళ్ళ బాసలో అకూ అంటే ఉంది, మాకు అంటే లేదు. నువ్వు మాకు మాకు అనుకుంటా ఇల్లంతా తినేసేలాగున్నావే!" పెద్ద మామాకు సంగతి తెలిసి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత నేను పెరుగు గిన్నె ముట్టుకుంటే చాలు, కన్ను ఎగరేసి "మాకు?" అని అడిగేది.

ఆ ఇంటి పెరట్లో ఖర్జూర చెట్లు ఉండేవి. ఇక్కడ వానలు తగ్గి ఇంకా చలి రాకుండా ఉండే రోజులు ఉంటాయే, అక్కడ అవి ఖర్జూరం రోజులు. ఎండ ఇంకా నెత్తి మాడుస్తూనే ఉంటుంది. కానీ పెద్ద మామా తెల్లవారుజామున మిద్దె ఎక్కి దక్షిణం వైపు సుహైల్ అనే చుక్క కోసం చూసేది. అది కనబడితే ఇక ఎండ పని అయిపోయినట్టే అని ఆమె లెక్క. కిందికి వచ్చి ఎండను ఒక తిట్టు తిట్టి, చెట్ల కింద నిలబడి పైకి చూసేది. అప్పటికి పండు మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది పసుపు కాయ. కొరికితే చెరుకులా కరకరమంటుంది, తీపి వెనకాలే ఒక వగరు వచ్చి నాలుకను పట్టుకుంటుంది. రెండోది సగం కాయ, సగం పండు. కొస మెత్తబడి తేనె రంగుకు తిరిగి, తొడిమ వైపు ఇంకా పసుపుగా ఉంటుంది. పెద్ద మామాకు అదే ఇష్టం. ఒకే కాయలో కూతురూ కోడలూ అనేది, మామా వినేటట్టు. మూడోది పూర్తిగా పండినది, పట్టుకుంటే తోలు చేతికి ఊడొస్తుంది. దాన్ని పళ్ళెంలో పరిచి, గోధుమపిండిని నెయ్యిలో ఎర్రగా వేయించి, యాలకుల పొడి చల్లి, వేడివేడిగా పైన పోస్తే దాన్ని రంగీనా అంటారు. వంటాయన ఆ పిండి వేయిస్తుంటే వాసన వీధి మలుపు దాకా పోయేది. పెళ్ళి విందుల్లో కూడా అంత కమ్మనిది నేను తినలేదు.

ఇక ఎండిన పండ్ల కోసం పెరటి మూల ఒక చిన్న గది ఉండేది. మద్బసా అంటారు. కిటికీ ఉండదు. నేల మీద సిమెంటుతో వాలుగా సన్నటి కాలువలు తీసి, వాటి కొసన ఒక గుంట, గుంటలో ఒక జాడీ. ఖర్జూరాలను ఆకుచాపల్లో మూటలు కట్టి, ఆ కాలువల మీద పైకప్పు దాకా పేరుస్తారు. పై మూటల బరువుకు, గది వేడికి, అడుగు మూటల్లోంచి నల్లటి పాకం ఊరి, కాలువల వెంట జారి, జాడీలోకి చేరుతుంది. దాని పేరు దిబ్స్. దుకాణంలో డబ్బాల్లో అమ్ముతుంటే ఈ గది ఎందుకని కొడుకులు నవ్వినా ఆమె పట్టుబట్టి కట్టించుకుంది. డబ్బాలోది ఎవరు కాచారో, ఏం కలిపారో నాకేం తెలుసు అనేది. దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఖర్జూరాన్ని చీల్చి చూసి తినాలని నాకు చెప్పిందీ ఆమే. అప్పట్లో నేను తల ఊపి, చీల్చకుండానే మింగేదాన్ని.

ఆ ఏడు కాయ ఇంకా పసుపు మీద ఉండగానే ఇరాకు వాళ్ళు వచ్చారు. బాబా, మామా, పిల్లలు సెలవులకు వేరే దేశం పోయి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మిగిలింది పెద్ద మామా, చిన్న బాబా, వంటాయన, నేను. మా వీధి మలుపులో ఇసుక బస్తాలు పేర్చుకొని సైనికులు కూచున్నారు. పోలీసుల కోసం, మిలిటరీ వాళ్ళ కోసం ఇల్లిల్లూ వెతికేవాళ్ళు. దొరికినవాడు తిరిగి రావడం ఉండదని, దాచిన ఇంటివాళ్ళకూ అదే గతి అని చెప్పుకునేవాళ్ళు. ఒక పొద్దున చిన్న బాబా కనబడలేదు. "సౌదీ దాటిపోయాడు" అంది పెద్ద మామా, నేను అడగకుండానే. అడగకుండా చెప్పే మాట మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. కడుపున పుట్టినవాడు ఎడారిలో పడి పోతుంటే ఏ తల్లైనా ఆ పొద్దు కూచుని నిమ్మళంగా ఉల్లిపాయలు వలుస్తుందా?

ఫర్వానియాలో ఉన్న మన వాళ్ళు చాలామంది బస్సులెక్కి జోర్డాను దారిన ఇళ్ళకు పోతున్నారని తెలిసింది. నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంది, బీరువా తాళం బాబా జేబులో ఉంది. వంటాయనదీ అదే కథ. "ఈడుంటే సైనికుల్తో సావు, దావలో పోతే ఎండతో సావు. ఈడైతే ఖర్జూరాలన్నా ఉండాయి" అన్నాను. వంటాయన నవ్వలేదు. ఆ రోజుల్లో ఎవరి మాటకూ ఎవరమూ నవ్వలేదు.

పడవలు కదలనివ్వలేదు కాబట్టి చేపలు లేవు. రొట్టెకు జమియా అనే సహకార దుకాణం ముందు వరసలో నిలబడాలి. అందుకని ఆ ఏడు పొద్దున ఖర్జూరం, మధ్యాహ్నం ఖర్జూరం కలిపి వండిన తీపి అన్నం, సాయంత్రం టీతో మళ్ళీ ఖర్జూరం. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ ఏడు కాపుకు ఉన్న తీపి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. చెట్టుకు యుద్ధం తెలియదు గదా. పసుపు కాయ కాస్తా తేనె రంగుకు తిరిగింది, తేనె రంగు నల్లబడింది, పెద్ద మామా మూటలు కుట్టమంది. నేను వరండాలో కూచుని కుట్టాను. నాకు అక్షరం రాదు గానీ నా ముడి నాకు తెలుసు, మా అమ్మ గోనెసంచులకు వేసే ముడి అది. మామూలుగా బస్రా నుంచి లారీల్లో వచ్చే ఖర్జూరం ఆ ఏడు రాలేదు. మా చెట్ల కాపు ఆ గదికి సగం కూడా రాదు. కానీ ఒక రోజు తలుపు సందులోంచి చూస్తే మూటలు పైకప్పు దాకా ఉన్నాయి. ముందు వరసలో ఉన్నవి నా ముడులు. వెనక వరసల్లో ఉన్న ముడులు నావి కావు.

ఆ తర్వాత నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. "దుమ్ము" అంది పెద్ద మామా. ఇల్లంతా ఊడ్చేది నేనే, ఆ ఒక్క గది దుమ్మే నాకు పడదా! కడగడానికి వచ్చే టీ గ్లాసుల్లో కూడా ఒకటి ఎక్కువగా వచ్చేది. వంటాయనను అడిగాను, "ఈ గ్లాసు ఎవరిదన్నా?" ఆయన చేతిలో గరిటె ఆగింది. "నాదే. రెండోసారి తాగేను. టీ తాగినా నీకు లెక్క సెప్పాలేటి?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన చూపు మారింది. నాకు మాత్రం సంగతి తేటపడింది. ఆ గుట్ట లోపల బోలు. వెనక మూటల్లో ఉన్నది మట్టలూ పాత బట్టలూ. ఆ బోలులో చిన్న బాబా. నాకు తెలుసని నేను చెప్పలేదు, నాకు తెలుసేమోనని వాళ్ళు అడగలేదు. ఒకే పళ్ళెంలో ముగ్గురం ఖర్జూరాలు తినేవాళ్ళం, ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ. చీల్చి చూసి తినడం నాకు అప్పుడే వచ్చింది.

మలుపులో ఉన్న సైనికుల్లో మీసం నెరిసిన మనిషి ఒకడు ఉండేవాడు. బస్రా దగ్గర ఖర్జూర తోటల్లో పుట్టి పెరిగాడట, ఆ వయసులో మళ్ళీ సైన్యంలోకి లాక్కొచ్చారట. మా చెట్టు గెలలు కొన్ని కోయకుండా గోడ మీదికి వాలిపోయి ఉంటే ఒక రోజు తానే తలుపు తోసుకొని వచ్చాడు. పండిన గెలను చెట్టు మీదే వదిలేస్తారా, చెట్టు ఏడవదా అని పెద్ద మామాను కోప్పడ్డాడు. తుపాకిని గోడకు ఆనించి, నడుముకు తాడు చుట్టుకొని చరచరా పైకి పోయాడు. గెలలను కిందికి పడేయకుండా పసిబిడ్డను దించినట్టు తాడుతో దించాడు. నేను కింద పాత దుప్పటి పట్టాను. పెద్ద మామా మెట్ల మీద కూచుని తస్బీ పూసలు తిప్పుతూ ఆ తుపాకి వైపే చూస్తోంది. ఆయన దిగి, చేతులు దులుపుకొని, నీళ్ళడిగి తాగాడు. పోతూ పోతూ మద్బసా వైపు చూశాడు. చేరవేసిన తలుపు గాలికి ఓరగా తెరుచుకొని ఉంది. లోపలి మూటల గుట్టను చూసి, సొంత ఊరు కనబడినట్టు మొహం వెలిగింది. 

మర్నాటి నుంచి వంటాయన సాయంత్రం పూట రంగీనా పళ్ళెం పట్టుకొని మలుపు దాకా పోవడం మొదలుపెట్టాడు. "యాడికన్నా?" అంటే, "ఎక్కడికేటి, ఆళ్ళకి రోజూ నాలుగు పళ్ళు పెడితే మన గోడ దూకరు" అన్నాడు. మాట బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు మొహమే బాగుండేది కాదు. అదీగాక పంచదార తరిగిపోతోంది. పలుకు కూడా దొరకని రోజుల్లో సంచి వారంలో సగానికి వచ్చింది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ వంటింట్లోంచి మాడు వాసన వచ్చేది. నేను పోతే గబుక్కున గిన్నె మీద మూత పెట్టి, "నీకిక్కడ పనేటి, ఎల్లెల్లు" అనేవాడు. పంచదార సైనికులకు చేరవేస్తున్నాడా? పంచదారతోనే ఊరుకుంటున్నాడా?

ఒక సాయంత్రం గోడ పక్కన ఆరిన బట్టలు తీస్తుంటే అవతలి నుంచి మాటలు వినబడ్డాయి. మీసాలాయన గొంతు, వంటాయన గొంతు. గాలికి తునకలు తునకలుగా వస్తున్నాయి. వంటాయన నోట ఒకటే మాట, పదే పదే, బతిమాలినట్టు. "మాకు... మాకు... వల్లా, మాకు!" పెరుగు గిన్నె సంగతి నాకు గుర్తు రాలేదంటే నమ్ముతారా? అరబ్బు నోట వచ్చి ఉంటే అరబ్బీగానే వినేదాన్ని. ఆ కోనసీమ గొంతులో, ఆ బతిమాలుడులో వినేసరికి నా చెవి తెలుగే పట్టుకుంది. మాకు ఏమిస్తారు? మాకు దారి చూపించండి. మాకు బస్సు ఎక్కించండి. పాస్‌పోర్టు లేనివాడు, ఇంటి మీద బెంగ ఉన్నవాడు, ఒక మనిషిని పట్టిస్తే ఇంటికి పంపుతారంటే ఆశపడడా? ఆ ఆశ నా గుండెలోనే ఒక పొద్దు మెదిలి పోయింది. నాకు మెదిలినది ఆయనకు మెదలదని ఎట్లా అనుకోను?

మర్నాడు పెద్ద మామా తల దువ్వుతూ చెప్పేశాను, నాకొచ్చిన విరుగు అరబ్బీలో. "మామా, వంటాయన మంచివాడు కాదు. అస్కరీలతో, ఆ మలుపులో సైనికులతో మాట్లాడుతున్నాడు. మాకు, మాకు అని ఏదో అడుగుతున్నాడు." ఆమె అద్దంలోంచి నన్ను చూసింది.

"నీ గురించి అతనూ అదే చెప్పాడు" అంది.

"ఏమని?"

"గ్లాసులు లెక్కపెడుతోంది, మూటల ముడులు చూస్తోంది, చెట్టెక్కిన అస్కరీకి పళ్ళు ఇకిలిస్తూ నీళ్ళిచ్చింది అని."

"నేను ఇకిలించలేదు! ఎండకు కళ్ళు మూసుకుంటే పళ్ళు బయటికొచ్చాయి!"

ఆమె నవ్వలేదు. "మిమ్మల్ని చీల్చి చూడలేను కదా" అంది, ఖర్జూరం గురించి మాట్లాడినట్టే. "అందుకే ఇద్దరినీ ఇంట్లోనే ఉంచుకున్నాను. నువ్వు అతన్ని కాపలా కాస్తావు, అతను నిన్ను కాస్తాడు. యల్లా, జడ వెయ్యి."

జడ వేశాను. పాయలు వంకర పోయాయి. విప్పి మళ్ళీ వేయించుకుంది.

పొద్దుటి గాలిలో చలి తగిలే రోజులకు సోదా వచ్చింది. కొత్త ఆఫీసరు, వెనక సైనికులు, వాళ్ళలో మీసాలాయన. పరుపులు చీల్చారు, బియ్యం డబ్బా బోర్లించారు, మిద్దె మీద నీళ్ళ ట్యాంకులోకి కట్టె పెట్టి కలిపారు. మా ముగ్గురినీ పెరటి గోడకు వరసగా నిలబెట్టారు. పెద్ద మామా పెదవులు కదులుతున్నాయి. నేను వంటాయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. పిలిపించింది నువ్వేనా అని ఇద్దరి కళ్ళలోనూ ఒకటే ప్రశ్న. ఆఫీసరు మద్బసా తలుపు కాలితో తన్నాడు. ఇదేంటని అడిగితే పెద్ద మామా "తమర్" అంది, ఖర్జూరం అని. ఆఫీసరు పట్నం మనిషి. గడప దగ్గర జిగటకు మెరిసే బూటు అంటుకునేసరికి మొహం చిట్లించి, వెనక్కి జరిగి, మీసాలాయనను నువ్వు చూడు అన్నాడు.

మీసాలాయన లోపలికి పోయాడు. తలుపు బార్లా తెరిచి ఉంది, మాకు అంతా కనబడుతోంది. ముందు మూటలో వేలు గుచ్చి చూశాడు, ఖర్జూరమే. వంగి జాడీ మూత తీశాడు. నా పక్కన వంటాయన జాడీ మీది నుంచి కళ్ళు తిప్పలేదు. జాడీ సగం పైన నిండి ఉంది, నల్లగా, నిగనిగలాడుతూ. మీసాలాయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. వెంటనే మింగలేదు, నోట్లోనే తిప్పాడు. కనుబొమలు దగ్గరపడ్డాయి. మళ్ళీ ముంచాడు, మళ్ళీ నాకాడు. తర్వాత మూటల గుట్టను కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత అడుగు మూటల కింద ఉన్న కాలువలను చూశాడు. నేనూ అప్పుడే చూశాను. అంత జాడీ నింపిన కాలువలు జిగటగా ఉండొద్దూ? వెనక వైపువి ఎండి ఉన్నాయి. ఆయన ఒక కాలువలో వేలితో గీత గీసి ఆ వేలు చూసుకున్నాడు. దుమ్ము.

"అకూ అహద్?" అని ఆఫీసరు బయటి నుంచి అరిచాడు, ఎవరైనా ఉన్నారా అని.

మీసాలాయన వేలి దుమ్మును ప్యాంటుకు తుడుచుకున్నాడు. గోడకు నిలబడ్డ మా వైపు చూశాడు. రోజూ పళ్ళెం మోసుకొచ్చేవాడిని, దుప్పటి పట్టిన నన్ను, తన తిట్లు తిన్న ముసలామెను.

"మాకు" అన్నాడు.

జాడీ మీద మూత జాగ్రత్తగా పెట్టాడు. తలుపు చేరవేసి, గాలికి తెరుచుకోకుండా గడియ కూడా పెట్టి వచ్చాడు.

వాళ్ళ జీపుల చప్పుడు వీధి చివర ఆగిపోయాక వంటాయన నేల మీద కూలబడ్డాడు. చెవి మీది బీడీ తీసి మొదటిసారి వెలిగించాడు. "ఆడు రోజూ నన్ను దిబ్స్ అడిగేవోడు సెల్లెమ్మా. ఇన్ని మూటలున్నాయి కదా, దిబ్స్ అకూ, ఒక సీసా ఒంపవయ్యా అని. నేను మాకు, వల్లా మాకు, దేవుడి మీదొట్టు లేదు అని ఏడిసేవోణ్ణి. ఇన్ని మూటలకి సుక్క దిగకపోడవేటని ఆడికి అనుమానం వొచ్చేసింది. అందుకని పంచదార మాడిసి, ఖర్జూరం గింజలు మరిగించిన నీళ్ళు కలిపి, పాకం పట్టి, కొంచెం కొంచెం జాడీలో పోసేను. మాది బెల్లం పాకాలు కాసే ఇల్లే కదా, రంగు కుదిరింది. రుసి ఎక్కడ కుదురుద్ది!"

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"గ్లాసులు లెక్కెట్టేదానికి ఎలా సెప్పనే?"

"నువ్వు గోడ కాడ మాకు మాకు అంటాంటే నేనేమనుకోవల్ల? మాకేమిస్తారని అడుగుతాండావనుకున్యా!"

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ఆ పెరుగు గిన్నె తిన్నప్పుడే నిన్ను ఇంటికి పంపించేయాల్సింది!" అన్నాడు. నాకు నవ్వు రాబోయింది. అప్పుడే మూటల గుట్ట లోపలి నుంచి సన్నగా దగ్గు వినబడింది. పెద్ద మామా తల తిప్పలేదు. వంటాయన బీడీ వైపు చూసుకున్నాడు. నేను బోర్లించిన బియ్యం ఎత్తడానికి లోపలికి పోయాను. అంత జరిగాక కూడా ఆ దగ్గు మా ముగ్గురిలో ఎవరికీ వినబడలేదు.

మర్నాడు వంటాయన రంగీనా పళ్ళెం తీసుకొని మలుపుకు పోయి, తీసుకుపోయింది తీసుకుపోయినట్టే తెచ్చాడు. అక్కడ కొత్త మొహాలు. ఆ మీసాలాయన ఏడీ అని అడిగితే ఒకడు "మాకు" అన్నాడట. వేరే చోటికి మార్చారో, ఆఫీసరుకు ఏదైనా తట్టిందో, ఎవరూ చెప్పలేదు. ఆ పళ్ళెం రంగీనా మేమే తిన్నాం. చల్లారిపోయి నెయ్యి పేరుకుంది. పెద్ద మామా పారేయనివ్వలేదు.

చలికాలం పోయేసరికి ఇరాకు వాళ్ళూ పోయారు. నూనె బావులు మండి ఆకాశం నల్లగా ఉన్న రోజున చిన్న బాబా గదిలోంచి బయటికి వచ్చాడు. గడ్డం, వాలిన భుజాలు, దగ్గరికి వస్తే బెల్లం దుకాణం వాసన. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన ఖర్జూరం ముట్టలేదు. బాబా తిరిగొచ్చి బీరువా తెరిచి పాస్‌పోర్టులు చేతికిచ్చాడు. వంటాయన కోనసీమ పోయినవాడు మళ్ళీ రాలేదు. నేను మాత్రం రాయచోటికి వచ్చి పిల్లవాణ్ణి చూసుకొని తిరిగి పోయాను. మళ్ళీ సుహైల్ చుక్క కనబడినప్పుడు పెద్ద మామా నన్ను మద్బసాలోకి పిలిచి మూటలన్నీ నాతోనే పేర్పించింది. నన్ను నమ్మిందనే అనుకున్నాను. బయటికి వచ్చేటప్పుడు మాత్రం నా కొంగు వైపు ఒక చూపు చూసింది.

ఇదంతా రాసి మా కోడలు అడిగింది, "ఇంతకీ ఆయప్పకు తెలిసిందా అత్తా, తెల్దా?" తెలియకుండా ఎట్లా ఉంటుంది, కాలువలో దుమ్ము చూశాడు గదా. ఒక్కోసారి మాత్రం, ఆ పాకం నిజమే అనుకున్నాడేమో, ముసలాళ్ళ నాలుక మొద్దుబారదా అనిపిస్తుంది. ఇంకోసారి, మా రహస్యం పట్టుకొని తర్వాత వచ్చి ఏదైనా అడుగుదామనుకున్నాడేమో, ఈలోపు మార్చేశారేమో అనిపిస్తుంది. నా బుద్ధి అంత మంచిది కాదు. అరబ్బీ వచ్చినవాళ్ళెవరైనా, లేడు అన్నాడు, అంతే అంటారు. ఆ రోజు గోడకు ఆనుకొని నిలబడ్డ నాకు మాత్రం ఆ మాట తెలుగులోనే వినబడింది. మన మాటలో మాకు అంటే అందులో ఎదుటివాడు ఉండడు. ఆయన ఎదుట నిలబడి ఉన్నది ఆఫీసరు, అంటే ఆ మాటలో ఆయనా మేమూ ఒక వైపు. అరబ్బీ అంతా నా నోట్లోంచి ఎప్పుడో జారిపోయింది. ఆ ఒక్క మాటను మాత్రం కాలం ఇంకా పండనివ్వలేదు, కొరికిన ప్రతిసారీ తీపి వెనకాలే ఆ వగరు వచ్చి నాలుకను పట్టుకుంటూనే ఉంది.